ఫైబర్ డబ్బా మార్చాక ఫోన్ యాప్‌కి మ్యూజిక్ సర్వర్ కనబడట్లేదు, పొద్దున్నే అలారం పాట ఆపలేకపోతున్నాం

మేడమీద_రేడియో
అందరికీ నమస్తే. మాది కాకినాడ. కింద హాల్లో ఒక రాస్ప్‌బెరీ పై 4 (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్) ఉంది, అందులో పైకోర్‌ప్లేయర్ అనే సిస్టమ్, దాని మీదే ఇంట్లో ప్లేయర్లకి పాటలు అందించే లిరియన్ మ్యూజిక్ సర్వర్. యూఎస్‌బీ హార్డ్ డిస్కులో నాన్నగారి సీడీలన్నీ ఫ్లాక్ ఫైళ్లుగా ఎక్కించి పెట్టాను, పాత సినిమా పాటలు, హరికథలు, నాదస్వరం, అన్నీ. ఆ రాస్ప్‌బెరీ పై నుంచి వైరు ఆంప్లిఫయర్‌కి. పాటలు నడపడానికి ఫోన్లలో స్క్వీజర్ యాప్. రెండేళ్లుగా ఏ గొడవా లేదు.

పోయిన శనివారం నెట్ వాళ్లు ఫైబర్ డబ్బా పాడైందని కొత్తది పెట్టి వెళ్లారు. నెట్ బ్రహ్మాండంగా వస్తోంది. కానీ ఆ రోజు నుంచి నా ఫోన్లోనూ, నాన్న ఫోన్లోనూ యాప్ తెరిస్తే తిరుగుతూనే ఉంటుంది, సర్వర్ దొరకలేదంటుంది. కామెడీ ఏంటంటే నాన్న పొద్దున 5:30కి పెట్టుకున్న అలారం మాత్రం టంచనుగా మోగుతోంది. పాట మొదలవుతుంది, ఆపడానికి మాత్రం యాప్ లేదు. మూడు రోజులుగా నాన్న వెళ్లి ప్లగ్ పీకేస్తున్నారు. అమ్మ అయితే "ఆ రేడియో పెట్టుకుంటే పోయేది కదా, చెవి తిప్పితే ఆగేది" అంటోంది. సాయం చేయండి.

కేబుల్_కత్తెర
రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేయి బ్రో. కాకపోతే రీసెట్ బటన్ సూదితో పది సెకన్లు నొక్కు. మాకు అట్లనే సెట్ అయింది.

సోల్డరింగ్_మావయ్య
దయచేసి రీసెట్ నొక్కకండి. ఫైబర్ డబ్బాలో కనెక్షన్ వివరాలు ఉంటాయి, అవి పోతే నెట్ కూడా పోతుంది, మళ్లీ వాళ్ల కుర్రాడి కోసం రెండు రోజులు ఎదురుచూడాలి. అలారం మోగుతోందంటే సర్వర్ బతికే ఉంది, డిస్కు బానే ఉంది, ప్లేయర్ బానే ఉంది. ఫోనుకీ రాస్ప్‌బెరీ పైకీ మధ్య దారి మాత్రమే తెగింది. ఇంటర్నెట్‌తో దీనికి సంబంధమే లేదు, నెట్ పూర్తిగా పోయినా ఇంట్లో ఈ యాప్ పనిచేయాలి.

ముందు మూడు సంగతులు చెప్పండి. ఒకటి, ఫోన్లో వైఫై పేరు మీద నొక్కితే వచ్చే ఐపీ అడ్రస్ (ఇంటి నెట్‌వర్క్‌లో దాని నంబరు). రెండోది, రాస్ప్‌బెరీ పై ఐపీ అడ్రస్. డబ్బా కింద స్టిక్కర్ మీద ఉన్న అడ్రస్, పాస్‌వర్డ్‌తో లోపలికెళ్తే కనెక్ట్ అయిన వాటి జాబితా ఉంటుంది. పేరు అర్థం కాకపోతే మ్యాక్ అడ్రస్ (పరికరానికి తయారీలోనే ఇచ్చే నంబరు) చూడండి, పై 4 అయితే చాలావరకు డీసీ:ఏ6:32 తో మొదలవుతుంది. మూడోది, ఫోన్ బ్రౌజర్‌లో ఆ ఐపీ కొట్టి చివర :9000 పెడితే సర్వర్ పేజీ వస్తుందో రాదో.

ప్లగ్ పీకడం మాత్రం నాన్నగారి చేత మాన్పించండి. పైకోర్‌ప్లేయర్ మొత్తం ర్యామ్‌లో నడుస్తుంది కాబట్టి మెమరీ కార్డుకి పెద్దగా భయం లేదు గానీ, తిరుగుతున్న హార్డ్ డిస్కుకి రోజూ అలా కరెంటు తీసేయడం మంచిది కాదు. ఆపాలంటే ఆంప్లిఫయర్ ఆపుకోమనండి.

మేడమీద_రేడియో
థాంక్స్ మావయ్య గారూ. ఆంప్లిఫయర్ ఆపొచ్చన్న ఆలోచన మా ఇంట్లో ఒక్కరికీ రాలేదు, సిగ్గేస్తోంది.

రాస్ప్‌బెరీ పై ఐపీ 192.168.1.34. ఇప్పుడు హాల్లోనే కూర్చున్నా, నా ఫోన్ 192.168.1.41. బ్రౌజర్‌లో 192.168.1.34:9000 కొడితే చాలాసేపు తెల్లగా ఉండి, పేజీ తెరవలేకపోయాం అని వస్తోంది. స్క్రీన్‌షాట్ పెట్టాను.

పాతరికార్డు
స్క్రీన్‌షాట్ పైన గడియారం పక్కన చిన్న తాళంచెవి బొమ్మ ఉంది చూడండి. వీపీఎన్ ఆన్‌లో ఉంది మీకు. ఆఫీసుదా?

మేడమీద_రేడియో
అవునండీ, ఆఫీసు మెయిల్ కోసం పోయిన వారమే పెట్టమన్నారు. అది బయటికి వెళ్లే నెట్‌కి కదా, ఇంట్లో దానికి ఏం అడ్డం?

పాతరికార్డు
ఆఫీసు వీపీఎన్‌లు చాలావరకు ఫోన్ నుంచి వెళ్లే ప్రతి ముక్కనీ తమ సొరంగంలోకే లాగేసుకుంటాయి. పక్కనే ఉన్న రాస్ప్‌బెరీ పైకి వెళ్లాల్సిన మాట కూడా మీ ఆఫీసు దాకా వెళ్లి, అక్కడ 192.168.1.34 అనేవాడు ఎవడూ లేడని చచ్చిపోతుంది. కొన్ని వాటిలో లోకల్ నెట్‌వర్క్‌ని వదిలేయమనే ఆప్షన్ ఉంటుంది, ఆఫీసు వాళ్లు దాన్ని మూసేస్తారు సాధారణంగా. ఆపి చూడండి.

మేడమీద_రేడియో
ఆపాను. వచ్చేసింది!!! స్క్వీజర్ దానంతట అదే సర్వర్ పట్టుకుంది, పాట కూడా మార్చాను. పాతరికార్డు గారూ మీకు కోటి దండాలు. తాళంచెవి అంత చిన్న బొమ్మ నేను చూడనే లేదు. టాపిక్ క్లోజ్ చేసేయొచ్చు.

సోల్డరింగ్_మావయ్య
తొందర వద్దు. నాన్నగారి ఫోన్లో వీపీఎన్ లేదు కదా? ఆయనకెందుకు రావట్లేదు మరి?

మేడమీద_రేడియో
మావయ్య గారు అన్నట్టే అయింది. నాన్నకి ఇంకా రావట్లేదు. నాకు కూడా రాత్రి మేడ మీద నా గదిలోకి వెళ్లగానే పోయింది, వీపీఎన్ ఆపే ఉంది, తాళంచెవి లేదు. కిందికి వస్తే వస్తోంది, మెట్లెక్కితే పోతోంది. పైన సిగ్నల్ ఫుల్లుగా ఉంది, వైఫై పేరు కూడా అదే. ఇంకోటి, నా గదిలో ఇంకా చిన్న రాస్ప్‌బెరీ పై జీరో ఒకటి ఉంది, స్క్వీజ్‌లైట్ అనే ప్లేయర్ సాఫ్ట్‌వేర్ వేసి స్పీకర్‌కి తగిలించాను, అది కూడా సర్వర్ ప్లేయర్ల జాబితాలో కనబడట్లేదు, కొత్త డబ్బా వచ్చాకే.

సోల్డరింగ్_మావయ్య
మేడ మీద ఉన్నప్పుడు ఫోన్ ఐపీ ఎంత? పైన వైఫై ఇస్తున్నది ఏ పెట్టె?

మేడమీద_రేడియో
192.168.0.107. పైన ఇస్తున్నది మా పాత రౌటర్. ఇంతకుముందు అది హాల్లో ఉండేది, పాత ఫైబర్ డబ్బాకి వైఫై లేదు, అన్నీ రౌటర్‌కే ఉండేవి. కొత్త డబ్బాకి వైఫై ఉందని, పైకి సిగ్నల్ రావాలన్నారుగా సార్ అని ఆ కుర్రాడే రౌటర్‌ని మేడ మీదకి తీసుకెళ్లి, వైరు లాగి పెట్టాడు. హాల్లో రాస్ప్‌బెరీ పైని కొత్త డబ్బాకి తగిలించాడు. మంచోడే, టీ కూడా తాగలేదు.

సోల్డరింగ్_మావయ్య
దొరికింది. మంచోడే కానీ, వైఫై పేరూ పాస్‌వర్డూ రెండింటికీ ఒకటే పెట్టేశాడు, మీ ఫోన్లన్నీ మళ్లీ అడక్కుండా కనెక్ట్ అవ్వాలని. దాంతో మీకు ఇంట్లో ఒకే వైఫై ఉన్నట్టు అనిపిస్తోంది, నిజానికి ఇప్పుడు రెండు ఇళ్లున్నాయి. కింద డబ్బా 192.168.1 అనే వీధి నడుపుతోంది, పైన రౌటర్ 192.168.0 అనే వీధి. మూడో అంకె చూడండి, 1 ఒకచోట 0 ఒకచోట.

యాప్ సర్వర్‌ని ఎలా వెతుకుతుందంటే, వీధిలో నిలబడి "సర్వరూ, ఎక్కడున్నావ్" అని కేకేస్తుంది. యూడీపీ 3483 పోర్టు మీద బ్రాడ్‌కాస్ట్ అంటారు దాన్ని. ఆ కేక వీధి చివర రౌటర్ దగ్గర ఆగిపోతుంది, రౌటర్ దాన్ని పక్క వీధికి వెళ్లనివ్వదు, వెళ్లనివ్వకపోవడమే దాని పని. మీ పై జీరో కూడా అదే కేక మీద ఆధారపడుతుంది, అందుకే అదీ మాయమైంది.

ఒక చిన్న పరీక్ష చేయండి. మేడ మీదే ఉండి, స్క్వీజర్‌లో వెతకడం ఆపి సర్వర్ అడ్రస్ దగ్గర 192.168.1.34 అని చేత్తో కొట్టండి. నా లెక్క ప్రకారం రావాలి. పైన రౌటర్ వెనకాల నుంచి కింది వీధికి పేరు పెట్టి పిలిస్తే వెళ్తుంది, కింద నుంచి పైకి మాత్రం పిలిచినా వెళ్లదు, రౌటర్‌లోని నాట్ (లోపలి అడ్రస్‌లని బయటికి దాచే ఏర్పాటు) అడ్డం.

మేడమీద_రేడియో
వచ్చింది! చేత్తో కొడితే వస్తోంది. వెతికితే రావట్లేదు. నాన్న ఫోన్ కూడా చూశాను, అందులో ఎప్పుడో నేనే అడ్రస్ చేత్తో కొట్టి పెట్టినట్టున్నాను, 192.168.0.50 అని ఉంది, పాత రౌటర్ రోజులది. మార్చాను, వచ్చింది. అంటే నా ఫోన్‌కి ఒక రోగం, నాన్న ఫోన్‌కి ఒక రోగం, ఇంటికి ఒక రోగం.

నిద్రపట్టనిపిల్ల
మధ్యలో దూరుతున్నందుకు సారీ అన్నయ్యలూ. నాది కూడా ఇలాంటిదే. ఐఫోన్లో ఐపెంగ్, స్క్వీజర్ లాంటి యాపే. బ్రౌజర్‌లో :9000 పేజీ చక్కగా వస్తుంది, యాప్‌లో మాత్రం సర్వర్ లేదంటుంది. ఒకే రౌటర్, వీపీఎన్ లేదు. హాస్టల్ కాదు, సొంతిల్లే, విజయవాడ.

పాతరికార్డు
బ్రౌజర్‌లో వచ్చి యాప్‌లో రాకపోతే ఐఫోన్లో మొదట అనుమానించాల్సింది అనుమతినే. 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి ప్రతి యాప్ ఇంటి నెట్‌వర్క్‌లో వెతకడానికి ఒకసారి అడుగుతుంది, మనం చూడకుండా వద్దు అని నొక్కేస్తాం, మళ్లీ అడగదు. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో లోకల్ నెట్‌వర్క్, అక్కడ యాప్ పేరు ఎదురుగా మీట వేయండి. యాప్‌ని పూర్తిగా మూసి తెరవండి.

నిద్రపట్టనిపిల్ల
అబ్బా. అదే. ఆరు నెలలు బ్రౌజర్‌లో వాడుకున్నాను దీని కోసం.

సోల్డరింగ్_మావయ్య
బ్రౌజర్‌లో వాడటం తక్కువేం కాదమ్మా, సర్వర్ పేజీ రూపం మార్చే మెటీరియల్ స్కిన్ ప్లగిన్ వేసుకుంటే నాకైతే యాప్‌ల కంటే అదే బాగుంటుంది. ఫోన్ హోమ్ స్క్రీన్ మీద పెట్టుకుంటే యాప్‌లాగే ఉంటుంది.

కేబుల్_కత్తెర
చేత్తో కొడితే వస్తుంది కదా, ఇంకేం, వదిలేయ్ బ్రో. రెండు ఫోన్లే కదా.

సోల్డరింగ్_మావయ్య
వదిలేస్తే పై జీరోకి కూడా చేత్తో అడ్రస్ ఇవ్వాలి, రేపు ఇంకో స్పీకర్ కొంటే దానికీ. పైగా ఒకే పేరుతో రెండు వీధులుంటే ఫోన్ మెట్ల మీద ఇటు నుంచి అటు దూకినప్పుడల్లా ఐపీ మారుతుంది, యాప్ తెగుతుంది, వాట్సాప్ కాల్ కూడా తెగుతుంది. తెగుతోందా?

మేడమీద_రేడియో
తెగుతోంది!! మా అక్క మస్కట్ నుంచి చేసినప్పుడల్లా అమ్మ మాట్లాడుతూ మెట్లెక్కుతుంది, సగంలో పోతుంది. ఫైబర్ వాళ్లని తిట్టుకుంటున్నాం.

సోల్డరింగ్_మావయ్య
అయితే పాత రౌటర్‌ని ఏపీ మోడ్‌లోకి మార్చండి.

ఓరుగల్లు_బేస్
ఏపీ మోడ్ అంటే ఆంధ్రప్రదేశ్ మోడా సార్, మా వరంగల్‌ల పనిచేస్తదా 😄

సోల్డరింగ్_మావయ్య
యాక్సెస్ పాయింట్ బాబూ, రెండు రాష్ట్రాల్లోనూ చెల్లుతుంది.

సంగతేంటంటే, ఆ రౌటర్ ఇంక రౌటర్ పని చేయకూడదు, వైఫై వదిలే పని మాత్రం చేయాలి. ఐపీలు పంచేది కింద డబ్బా ఒక్కటే. కొన్ని రౌటర్లలో మోడ్ మార్చే మీట ఉంటుంది, అది నొక్కితే అన్నీ అదే చూసుకుంటుంది. మీది పాతది అంటున్నారు, లేకపోతే చేత్తో ఇలా. మొదట ల్యాప్‌టాప్‌ని రౌటర్‌కి వైరుతో తగిలించి దాని పేజీలోకి వెళ్లి, దాని సొంత ల్యాన్ (ఇంటి లోపలి వైపు) ఐపీని 192.168.1.2 చేయండి. కింద డబ్బా 192.168.1.1 అయి ఉంటుంది, రెండూ ఒకటి కాకూడదు, ఇంకెవరికీ ఆ 2 వెళ్లకుండా డబ్బాలో పంచే వరుసని 10 నుంచో 20 నుంచో మొదలయ్యేలా పెట్టుకోండి. తర్వాత రౌటర్‌లో డీహెచ్‌సీపీ (ఐపీలు పంచే పని) ఆపేయండి. ఆఖరున, కింద నుంచి వచ్చే వైరుని రంగు వేరుగా ఉండే వ్యాన్ (బయటి నెట్ వైపు) రంధ్రంలోంచి తీసి మామూలు ల్యాన్ రంధ్రాల్లో ఒకదాంట్లో పెట్టండి. ఈ ఆఖరుది చాలామంది మర్చిపోతారు. వ్యాన్‌లో ఉన్నంతసేపూ రెండు వీధులే.

టెక్సాస్_తెలుగోడు
మంచి థ్రెడ్. నాదొక డౌట్. మా నాన్నగారి పాటలు రాజమండ్రి ఇంట్లో పై మీద ఉన్నాయి, ఇక్కడి నుంచి వినాలని 9000 పోర్ట్ ఫార్వర్డ్ చేయమని (బయటి నుంచి సర్వర్‌కి రౌటర్‌లో దారి తెరవమని) మా బావమరిదికి చెప్పాను, చేశాడు, రావట్లేదు. ఏం తప్పు?

పాతరికార్డు
రాకపోవడమే మంచిదైంది. ఆ సర్వర్ ఇంట్లో వాడుకోడానికి రాసింది, మామూలుగా పాస్‌వర్డ్ కూడా ఉండదు, లోకమంతా చూసేలా తెరిచిపెడితే ఎవడైనా వచ్చి మీ సెట్టింగ్స్ మార్చేస్తాడు. ఎందుకు రాలేదంటే, రౌటర్ పేజీలో వ్యాన్ ఐపీ చూడమనండి. 100.64 నుంచి 100.127 మధ్యలో మొదలైతే అది మీ ఒక్కరి అడ్రస్ కాదు, ప్రొవైడర్ వెనకాల చాలామంది కలిసి వాడే అడ్రస్. సీజీ నాట్ అంటారు. మన దగ్గర ఇళ్ల కనెక్షన్లలో ఇది మామూలే. ఇంట్లో ఎన్ని పోర్టులు తెరిచినా బయటి తలుపు మీ చేతిలో ఉండదు.

టెయిల్‌స్కేల్ లాంటిది (మీ పరికరాల మధ్య మాత్రమే నడిచే సొంత వీపీఎన్) రాస్ప్‌బెరీ పై మీద, మీ ఫోన్ మీద వేసుకోండి, పోర్టులు తెరవక్కర్లేదు, సీజీ నాట్ ఉన్నా నడుస్తుంది. అప్పుడు కూడా వెతకడం పనిచేయదు, టెయిల్‌స్కేల్ ఇచ్చే అడ్రస్ చేత్తోనే కొట్టాలి. తమాషా ఏంటంటే అదీ 100తోనే మొదలవుతుంది, కంగారు పడకండి. బావమరిది తెరిచిన 9000 మాత్రం మూసేయమనండి.

టెక్సాస్_తెలుగోడు
వ్యాన్ ఐపీ 100.72 తో మొదలవుతోందట. చిత్తం. ఈ వీకెండ్ వీడియో కాల్‌లో కూర్చోబెట్టి చేయిస్తాను, బావమరిది ఇప్పటికే నా ఫోన్ ఎత్తడం మానేశాడు.

ఓరుగల్లు_బేస్
నాకు సర్వర్ విండోస్ ల్యాప్‌టాప్ మీద ఉంది. ఆ ల్యాప్‌టాప్‌ల :9000 వస్తది, ఫోన్ల రాదు. ఒకటే రౌటర్.

సోల్డరింగ్_మావయ్య
విండోస్ ఫైర్‌వాల్. మీ వైఫై ప్రొఫైల్ పబ్లిక్ అని ఉంటే ప్రైవేట్ చేయండి, అప్పటికీ రాకపోతే ఫైర్‌వాల్‌లో టీసీపీ 9000, 9090, 3483, యూడీపీ 3483 లోపలికి రానివ్వండి. ఫైర్‌వాల్ మొత్తం ఆపేయొద్దు.

ఓరుగల్లు_బేస్
పబ్లిక్ అనే ఉండె. మార్చిన, వచ్చింది. నీ కాళ్లు మొక్కుతా సార్.

మేడమీద_రేడియో
ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసి కూర్చున్నాను, సాయంత్రం అయింది లేచేసరికి. రౌటర్ ఐపీని 192.168.1.2 చేసి సేవ్ కొట్టగానే పేజీ పోయింది. రౌటర్ చచ్చిందనుకుని అరగంట టెన్షన్. తీరా చూస్తే నేను ఇంకా పాత అడ్రస్ 192.168.0.1లోనే వెతుకుతున్నాను, అది అప్పటికే ఇల్లు మారింది కదా. కొత్త అడ్రస్ కొట్టి డీహెచ్‌సీపీ ఆపాను. వైరు మాత్రం మీరు చెప్పినట్టే మర్చిపోయాను, నీలం రంగు రంధ్రంలోనే ఉంది, అసలు నెట్ కూడా రాలేదు. పసుపు దాంట్లోకి మార్చాను. మేడ మీద ఫోన్ ఐపీ చూస్తే 192.168.1.43. పై జీరో ఏమీ చేయకుండానే జాబితాలో ప్రత్యక్షం. అమ్మ మస్కట్ కాల్ మాట్లాడుతూ మెట్లెక్కింది, తెగలేదు. ఇంట్లో నా పరపతి పెరిగింది.

పాతరికార్డు
శభాష్. ఇప్పుడు డబ్బాలో రాస్ప్‌బెరీ పైకి అడ్రస్ రిజర్వ్ చేయండి, ఎప్పుడూ అదే ఐపీ ఇచ్చేలా, లేకపోతే మళ్లీ వస్తారు ఇక్కడికి.

మేడమీద_రేడియో
మళ్లీ వచ్చాను. మీరు చెప్పిన రోజే చేయాల్సింది. నిన్న రాత్రి గాలివానకి కరెంటు మూడు గంటలు పోయింది, వచ్చాక రాస్ప్‌బెరీ పై 192.168.1.38 అయి కూర్చుంది. నా ఫోన్ వెతికి పట్టుకుంది, నాన్న ఫోన్లో 34 అని కొట్టి పెట్టాను కదా, పొద్దున 5:30కి మళ్లీ అదే కథ. ఈసారి ఆంప్లిఫయర్ ఆపారు లెండి. ఇప్పుడు డబ్బాలో పై మ్యాక్ అడ్రస్‌కి 34 రాసి పెట్టాను, రెండుసార్లు డబ్బా ఆపి ఆన్ చేసి చూశాను, మారలేదు. నాన్న ఫోన్లో చేత్తో కొట్టింది తీసేసి వెతకమని పెట్టాను.

సోల్డరింగ్_మావయ్య
బాగు. నాన్నగారి ఫోన్ స్క్రీన్ ఆరాక యాప్ తెగుతుంటే బ్యాటరీ సెట్టింగ్స్‌లో స్క్వీజర్‌కి ఆంక్షలు తీసేయండి. అది మీరు అడక్కముందే చెప్తున్నా.

మేడమీద_రేడియో
తీసేశాను. ఒక్క సమస్య మిగిలింది, కానీ అది నెట్‌వర్క్‌ది కాదు. నాన్నకి ఇప్పుడు మేడ మీద ప్లేయర్ కూడా కనబడుతోంది ఆయన ఫోన్లో. నిన్న అన్నీ నొక్కి చూస్తూ నా గది స్పీకర్‌కి కూడా 5:30 అలారం పెట్టారు. సన్నాయితో లేచాను. దాన్ని తీసేద్దామంటే, "ఉండనీరా, నీకూ మంచిదే" అంటున్నారు. యాప్‌లో ఆయనకి ఒక ప్లేయర్ మాత్రమే కనబడేలా చేసే దారి ఏమైనా ఉందా?

పాతరికార్డు
పై జీరో ప్లగ్ పీకేయండి 😄